కూడిక గుర్తు

పేరు కోదండపాణి. చేతిలో మాత్రం
ఎప్పుడూ అలెన్ కీ.
అయనావరంలో మూడో మేడ పైన, నీళ్ల ట్యాంకు నీడలో
ఎయిర్ రైఫిళ్లు బాగుచేస్తాడు.
ముప్పైయొక్క ఏళ్లు రైలు పెట్టెలకి తలుపులు బిగించినవాడు,
తలుపు సరిగ్గా పడిన చప్పుడు
నిద్రలో కూడా గుర్తుపడతానంటాడు.

నా తుపాకిని దుప్పట్లో చుట్టి
షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.
"వీణా అమ్మా?" అంది పక్కనామె.
అవునన్నాను.

జబ్బు చెప్పాను:
సీసా మూత పది గజాల్లో ఉంది.
స్కోపు పైమీట ఇక తిరగనంటోంది. క్లిక్కులు అయిపోయాయి.
"అయిపోవూ?" అన్నాడు.
"తుపాకి వంకరంతా పాపం దీనిచేత మోయించావు.
ముందు దీన్ని దాని ఇంటికి పంపాలి.
సంబంధం చూడడం ఆ తరవాత."

మరలు విప్పి, స్కోపు తీసి,
లుంగీ అంచుతో తుడవబోయి, ఆగి,
మెత్తటి బనీను గుడ్డ కోసం ఇల్లంతా వెతికాడు.
"ఆండాళూ, అద్దం!"
ఆమె తెచ్చింది. అంచున వరసగా అయిదు స్టిక్కరు బొట్లు.
"పగిలిందా, ఇద్దరూ మెట్ల మీదే పడుకుంటారు."

పెద్ద కన్ను అద్దానికి ఆనించి
చిన్న కన్నులోంచి చూడమన్నాడు.
మొదట ఏమీ లేదు. ఓటేరి కాలవ నీళ్ల రంగు.
తరవాత ఒక కూడిక గుర్తు, నల్లగా, సూటిగా.
దాని పక్కన ఇంకోటి, మసకగా,
బడి ఎగ్గొట్టి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డ పిల్లలా.

"రెండున్నాయి."
"ఒకటి అది. రెండోది, అది తన్ను తాను చూసుకుంటే కనబడేది.
తిప్పు. లెక్కపెట్టకు."

నేను అంబత్తూరు ఎస్టేటులో పగలంతా గేర్ల పళ్లు కొలుస్తాను.
మిల్లీమీటరులో నూరోవంతు తేడాకి
పెట్టెలకి పెట్టెలు వెనక్కి పంపుతాను.
ఇక్కడ కొలవడానికేమీ లేదు. వేలి కింద చిన్న టక్కుమనడం,
కింద వీధిలో నీళ్ల లారీ,
బిందెల తగాదా.
లెక్కపెట్టాను. ఆయనకి చెప్పలేదు.

నలభై మూడో క్లిక్కు దగ్గర
మసకది నల్లదాని వెనక్కి వెళ్లి
మళ్లీ బయటికి రాలేదు.

"నమ్మకు," అన్నాడు.
చెప్పుల పెట్టెకి రెండు గాట్లు కోసి, స్కోపుని అందులో పడుకోబెట్టి
అప్పడాల కర్రలా దొర్లించాడు.
దూరాన టవరు మీద ఎర్రబల్బు.
గుర్తు గిర్రున తిరిగింది, బల్బుని వదల్లేదు.
వదిలింది, ఆవగింజంత.
"అందులో సగం దిద్దు."
"సగమేనా?"
"మొత్తం దిద్దావా, అవతలి తప్పులో పడతావు."

కూల్‌డ్రింకు డబ్బా రేకు కత్తిరించి వెనక రింగు కింద పెట్టాడు.
బట్టల తీగకి దారం కట్టి, దారానికి నట్టు వేలాడదీసి,
నిలువు గీతని దారంతో కలిపాడు.
మరలు ఎదురెదురుగా, కొంచెం కొంచెం,
ఒకదానికి బిగిస్తే ఇంకోటి అలుగుతుందన్నట్టు.

అయిదు గుళ్లు కాల్చాను.
సీసా మూత అలాగే కూచుంది, చెక్కు చెదరకుండా.
రెండు వేళ్లు ఎడమకి, ఒక వేలు కిందికి,
బొటనవేలి గోరు మూసేంత చోటులో అయిదు చిల్లులు.
నా మొహం చూసి నవ్వాడు.
"ఇన్నాళ్లూ నీ తప్పు దేశద్రిమ్మరి.
ఇవాళ దానికి అడ్రసు దొరికింది.
ఇప్పుడు తిప్పుకో, ఎన్ని క్లిక్కులు కావాలంటే అన్ని."

అద్దం మీద స్కోపు అంచు గుండ్రంగా అచ్చు వదిలింది.
ఆండాళమ్మ తుడవబోయి, ఊరుకుని,
బొట్టు ఒకటి ఒలిచి, ఆ వలయంలోకి వంగి
నుదుట పెట్టుకుంది.
ఒక్క క్లిక్కు కూడా లేకుండా.

మరలకి ముప్పై రూపాయలన్నాడు.
నా దగ్గర చిల్లర లేదు.